తుంబెపాడి వీరుడు: విధికీ బాధ్యతకీ నడుమ ఒక వీరగల్లు

హోసూరు రోడ్డుకూ సర్జాపూరు రోడ్డుకూ నడుమ ఉన్నందున ఆ రెండు పేర్ల తొలి అక్షరాలనే తన పేరుగా చేసుకున్న హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్, బెంగళూరు అభివృద్ధి ప్రాధికార సంస్థ చుట్టుపక్కల గ్రామాల సాగుభూములను సేకరించి ఏడు సెక్టార్లుగా ఏర్పరచిన కొత్త పేట. వీధులను పేర్లతో కాక అంకెలతో గుర్తించే ఇటువంటి పేటకు చరిత్ర ఉండదనుకోవడం సహజమే గాని, లేఅవుట్ అంచులను అంటిపెట్టుకుని ఉన్న అగర, ఇబ్లూరు గ్రామాలూ, నైరుతి దిక్కున కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న బేగూరూ కనీసం 1,100 సంవత్సరాలుగా శాసనాలకెక్కిన ఊళ్లు. ఆ శాసనాలు పశ్చిమ గంగుల కాలం నాటివి. ఎక్కువ కాలం తలకాడు రాజధానిగా, నాలుగో శతాబ్ది నుంచి సుమారు క్రీ.శ. 1000 దాకా దక్షిణ కర్ణాటకను ఏలిన ఈ వంశం తన రాజ్యాన్ని గంగవాడి తొంభై ఆరు వేలు అని చెప్పుకునేది. ఐటీ ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగువారే కాక, తరతరాలుగా ఇంట తెలుగు మాట్లాడుతున్న రైతు కుటుంబాలు కూడా ఈ గ్రామాల్లో ఉన్నందున, ఆ రాళ్లను కన్నడిగుల సొత్తుగా మాత్రమే చూడవలసిన పని లేదు. పైగా వాటిలో ముఖ్యమైన ఒక రాయి కథ తెలుగు నేల మీది రాజవంశాలతో నేరుగా ముడిపడి ఉంది.

ఈ ప్రాంతపు శాసనాల్లో కనిపించే పేర్లు ప్రధానంగా రెండు రకాల మనుషులవి: చెరువులు తవ్వించి తూములు పెట్టించినవారు ఒకరు, యుద్ధంలో ప్రాణాలు విడిచినవారు మరొకరు. రెండో రకంవారి రాళ్లను వీరగల్లులంటారు. వీరుడు పడిపోయినప్పుడు ఆ పాటుకు విధి కారణమా, అతడి చేతలే కారణమా అన్న ప్రశ్న గ్రీకు నాటకాల నుంచి మన భారత కథల దాకా సాహిత్యాన్ని వెంటాడుతూనే ఉండగా, చచ్చిపోయిన వీరుల కోసమే పుట్టిన ఈ రాళ్లు ఆ ప్రశ్నను ఎలా ఎదుర్కొన్నాయన్నది పరిశీలించదగిన విషయం. సాహిత్యంలో విషాద నాయకులున్నారు. వీరగల్లుల్లో వెతికితే ఒక్కరూ దొరకరు. ఈ తేడాకు కారణం భక్తిలోనో తత్త్వంలోనో కాక, భూమి లెక్కల్లో ఉందని బేగూరు రాళ్లు సూచిస్తున్నాయి.

వీరగల్లు అంటే యుద్ధంలోనో, పశువుల మంద కోసం జరిగిన పోరులోనో, ఊరిని దొంగల నుంచి కాపాడబోయో చనిపోయినవాడి జ్ఞాపకార్థం నిలిపిన రాతిపలక. దక్కనులోనూ రాయలసీమలోనూ తమిళనాడు ఉత్తర భాగంలోనూ ఇవి విరివిగా దొరుకుతాయి. స్థిరపడిన రూపంలో ఈ పలక మీద సాధారణంగా మూడు అంతస్తుల శిల్పం ఉంటుంది: అడుగు అంతస్తులో పోరు, నడిమి అంతస్తులో వీరుణ్ణి చెరో వైపున పట్టుకుని పైకి తీసుకుపోతున్న అప్సరసలు, పై అంతస్తులో శివలింగం ముందో జినబింబం ముందో కూర్చున్న వీరుడు. అంటే చదువు రాని మనిషి కూడా కింది నుంచి పైకి చూపు సాగిస్తే మొత్తం కథ తెలిసిపోతుంది. బెంగళూరు హెబ్బాళలో దొరికిన, సుమారు 750 నాటి, శ్రీపురుషుడనే గంగరాజు కాలపు రాయి రట్టులనే రాజవంశం వారి దాడిని ఎదిరించి మరణించిన కిత్తయ్య అనే వీరుడిది; ఈ నగర పరిధిలో బయటపడిన శాసనాల్లో అది బాగా పాతది. బేగూరు నాగేశ్వరాలయంలోని సుమారు 890 నాటి రాయి, నాగత్తరుడనే ఏలిక ఇంటికి చెందిన బుట్టన శెట్టి బెంగళూరు యుద్ధంలో మరణించాడని చెబుతుంది. ఒక హోయసల రాజుకు ముసలమ్మ ఉడికించిన చిక్కుళ్లు పెట్టినందువల్ల ఈ ఊరికి బెందకాళూరు అనే పేరొచ్చిందన్న కథను పక్కన పెట్టడానికి ఈ రాయి ఒక్కటి చాలు, ఎందుకంటే హోయసలులు బలపడటానికి ముందే ఆ పేరు దీనిలో చెక్కి ఉంది.

అయితే ఇక్కడ ప్రధానంగా పరిశీలించవలసినది బేగూరు నుంచి తరలించి బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంచిన మరొక పెద్ద వీరగల్లు. ఏనుగుల మీదా గుర్రాల మీదా యోధులు ఒకరినొకరు ఢీకొంటున్న దృశ్యాన్ని పలక నిండా చెక్కిన ఈ రాయిని జె.ఎఫ్. ఫ్లీట్ ఎపిగ్రాఫియా ఇండికా ఆరో సంపుటంలో ప్రకటించాడు, బి.ఎల్. రైస్ 1905లో వెలువరించిన బెంగళూరు జిల్లా శాసనాల సంపుటంలోనూ ఇది చేరింది. దాని సారాంశం ఇది. ఎరెయప్ప అనే గంగరాజు గంగవాడినంతటినీ ఏకచ్ఛత్రంగా ఏలుతున్న కాలంలో, వీరమహేంద్రుడితో పోరాడుతున్న అయ్యపదేవుడికి సాయంగా నాగత్తరుణ్ణి సామంతుల సేనతో కూడా పంపాడు. తుంబెపాడి అనే చోట పోరు జరిగి, తమ పక్షం దెబ్బతిన్నప్పుడు నాగత్తరుడు ఏనుగులకు ఎదురు నిలిచి పోరాడి చనిపోయాడు. ఆ వార్త విన్న ఎరెయప్ప మెచ్చుకుని, ఇరుగ అనేవాడికి నాగత్తర పట్టం కట్టి, బెంపూరు పన్నెండు గ్రామాలను కల్నాడుగా, అంటే మాన్యంగా, ఇచ్చాడు. బెంపూరంటే నేటి బేగూరే. ఆ పన్నెండు గ్రామాల పేర్లను కూడా శాసనం వరుసగా చెబుతుంది.

రాజకీయంగా చూస్తే ఈ పోరు తెలుగువారికి ఆసక్తి కలిగించవలసినది. అయ్యపదేవుడు నొళంబ వంశపు రాజు. నొళంబుల రాజధాని హెంజేరు, ఈనాడు శ్రీ సత్యసాయి జిల్లా మడకశిర ప్రాంతంలోని హేమావతి; నల్లరాతి స్తంభాల పనితనానికి పేరుపొందిన ఆలయాలు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి. అయ్యపదేవుడి తండ్రి పేరు కూడా మహేంద్రుడే, అతణ్ణి చంపినందుకే ఎరెయప్ప మహేంద్రాంతకుడన్న బిరుదు ధరించాడు. అంటే తండ్రిని చంపిన రాజే కొన్నేళ్లకు కొడుక్కి సైన్యసహాయం పంపినట్టు తేలుతుంది. తుంబెపాడిలో శత్రువైన వీరమహేంద్రుడు ఎవరన్న విషయంలో పండితులు ఏకీభవించలేదు. గండమహేంద్రుడన్న బిరుదు గల వేంగి చాళుక్య రాజు రెండో భీముడే ఈ వీరమహేంద్రుడని ఫ్లీట్ భావించాడు. ఆ భీముడు ఓడించిన శత్రువుల జాబితాలో అయ్యప అనే పేరు ఉండటం ఈ ఊహకు కొంత బలమిస్తుంది. నొళంబ మహేంద్రుడే వీరమహేంద్రుడని, కాబట్టి ఈ యుద్ధం ఇంకా ముందటిదని మరికొందరి వాదం. ఫ్లీట్ ఊహే నిజమైన పక్షంలో, నేటి హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ పరిసరాల నుంచి బయలుదేరిన ఒక సామంతుడు వేంగి సేనల ఏనుగులతో పోరాడి మరణించాడని అర్థం.

ఇప్పుడు శాసనంలోని క్రియలను మాత్రమే చూడాలి: పంపడం రాజు పని, దెబ్బతినడం సేన వంతు, ఎదురు నిలవడం, పోరాడటం, చావడం నాగత్తరుడివి, మెచ్చడం, పట్టం కట్టడం, భూమి ఇవ్వడం మళ్లీ రాజువి. దైవం ఈ వాక్యంలో ఎక్కడా కర్తగా లేదు. గ్రహాలు, శకునాలు, శాపాలు, కలికాలం, తలరాత వంటివి మనం ఓటమికి అలవాటుగా చెప్పుకునే కారణాలు. వాటిలో ఒక్కటి కూడా ఇక్కడ రాలేదు. అంతకంటే ముఖ్యంగా, సేన ఎందుకు దెబ్బతిన్నదన్న ప్రశ్న కూడా లేదు. వ్యూహం తప్పిందా, సామంతులు చేతులెత్తేశారా, శత్రువు ఏనుగుల సంఖ్యను తక్కువగా అంచనా వేశారా అన్నది రాయించినవారికి పట్టలేదు. ఓటమి అన్నది అక్కడ వర్షం పడటం వంటి పరిస్థితి మాత్రమే. ఆ పరిస్థితిలో ఒక మనిషి ఏం చేశాడన్నదే శాసనానికి కావలసిన విషయం.

శాస్త్రకారులు ఈ రెంటికీ పేర్లు పెట్టి చర్చించారు. మనిషి చేతిలో లేనిది దైవం, మనిషి పూనుకుని చేసేది పురుషకారం. మహాభారతం అనుశాసన పర్వంలో ధర్మరాజు ఈ రెండింటిలో ఏది గొప్పదని భీష్ముణ్ణి అడుగుతాడు. పొలమూ విత్తనమూ కలిస్తేనే పంట అన్న వ్యవసాయపు పోలికతో జవాబు వస్తుంది. అగర చెరువు దగ్గరి సుమారు 870 నాటి శాసనాన్ని ఈ సందర్భంలో గుర్తు చేసుకోవాలి. ఇర్వులియూరు, అంటే నేటి ఇబ్లూరు, పెత్తనం చేస్తున్న ఇరుగమయ్య కొడుకు సిరిమయ్య రెండు చెరువులకు తూములు పెట్టించి, తూర్పున మరొక చెరువు కట్టించి, అందుకు ప్రతిఫలంగా బిత్తువట్ట పొందాడని అది చెబుతుంది. చెరువు కట్టించినవాడికి ఆ చెరువు కింది ఆయకట్టులో కొంత భూమిని మాన్యంగా వదలడమే బిత్తువట్ట. తెలుగు శాసనాల్లోని దశబంధ మాన్యం ఇటువంటిదే. నదులు లేని ఈ మెట్ట ప్రాంతంలో వాన దైవాధీనం, తూము మనిషి చేతి పని. వాన గురించి శాసనం ఒక్క మాట కూడా చెప్పదు. తూముకు మాత్రం భూమి ముట్టజెప్పింది. నాగత్తరుడి రాయి నడిచిందీ ఈ తర్కం మీదే. కల్నాడు అన్నది కూడా మాన్యమే, కాకపోతే చెరువుకు బదులు ప్రాణానికి ఇచ్చినది. మనిషి చేసిన పనికి ఏలిక భూమితో చెల్లు పెట్టడం, ఆ చెల్లును రాతి మీద ఎక్కించడం ఈ రెండు శాసనాల ఉమ్మడి ధోరణి. ఇటువంటి పద్దులో విధి అన్న మాటకు చోటుండదు, ఎందుకంటే విధికి మాన్యం ఇచ్చే రాజు ఎవడూ లేడు.

అదే బేగూరులో నాగత్తరుడి కూతురు తొండబ్బె సన్యసన విధితో ప్రాణం విడిచినట్టు చెప్పే జైన శాసనం ఒకటి ఉండటం గమనార్హం. సన్యసనం, లేదా సల్లేఖనం, అంటే ఆహారాన్ని క్రమంగా మానుకుంటూ గురువు అనుమతితో మరణాన్ని స్వీకరించే జైన వ్రతం. జైనుల కర్మ సిద్ధాంతం ప్రకారం మనిషిని కట్టిపడేసేది అతడు స్వయంగా కూడబెట్టుకున్న కర్మే గాని బయటి నుంచి దేవుడు రాసిన రాత కాదు. దాన్ని కరిగించుకోవడం కూడా అతడి ప్రయత్నం మీదే ఆధారపడుతుంది. తండ్రి యుద్ధరంగంలో, కూతురు వ్రతంలో, ఇద్దరూ తమ చావును తాము ఎంచుకున్నట్టే ఆ రాళ్లు నమోదు చేశాయి. ఒకే ఇంట్లో ఇటువంటి రెండు మరణాలు రాతికెక్కడం గంగవాడి సమాజపు ఆలోచనా తీరును ఏ కావ్యంకన్నా సూటిగా పట్టిస్తుంది.

అయితే ఎంచుకోవడం అన్న మాటను ఇక్కడ కొంచెం తడిమి చూడాలి. కన్నడ యోధుల నీతిలో జోళద పాళి అనే భావన ఉంది. జోళం అంటే జొన్న. ఏలిక పెట్టిన జొన్నలు తిన్నందుకు అవసరమైనప్పుడు ప్రాణమిచ్చి తీర్చుకోవలసిన రుణమే జోళద పాళి. తెలుగువారు ఉప్పు తిన్న విశ్వాసం అంటారు. వాళ్ల లెక్క జొన్నల్లో, మన లెక్క ఉప్పులో. ఈ నీతి ముదిరిన రూపం హళేబీడులో హోయసలేశ్వరాలయం దగ్గరి స్తంభ శాసనంలో కనిపిస్తుంది: సుమారు 1220లో రెండో బల్లాళుడు మరణించినప్పుడు, అతడితోనే పోతానని మాట ఇచ్చిన కువర లక్ష్ముడనే దండనాయకుడు భార్యతోనూ అనుచరులతోనూ కలిసి ప్రాణత్యాగం చేశాడు. యుద్ధమూ లేదు, శత్రువూ లేడు, అయినా రుణం ఉంది. ఈ నేపథ్యంలో చూస్తే నాగత్తరుడు ఏనుగులకు ఎదురు నిలవడం ఎంతవరకు స్వేచ్ఛతో చేసిన పని అన్నది తేలికగా తేలే విషయం కాదు. వెనక్కి మళ్లి బతికి వస్తే బెంపూరు పన్నెండు గ్రామాలు దక్కేవి కావు, పట్టం నిలిచేదీ కాదు. ఇరుగకు నాగత్తర పట్టం కట్టారన్న మాటను బట్టి నాగత్తర అన్నది ఒక పదవి పేరుగా కూడా నడిచిందని తెలుస్తుంది. అంటే మనిషి పోయినా పదవి పోలేదు. విధి లేదు నిజమే గాని, విధి కూర్చోవలసిన పీట మీద ఇక్కడ వ్యవస్థ కూర్చుంది. వీరగల్లు చనిపోయినవాడి స్వరం కాదని, అతడి చావు వల్ల భూమి పొందినవారి, భూమి ఇచ్చినవారి ఒప్పంద పత్రమని గుర్తుంచుకోకపోతే దానిలోని నిబ్బరాన్ని మనం అమాయకంగా మెచ్చుకునే ప్రమాదం ఉంది.

ఆ ఒప్పందం కుదరనప్పుడు ఏమవుతుందో చూపించినది అదే పదో శతాబ్దిలో పుట్టిన కావ్య సాహిత్యం. పంపకవి 941లో విక్రమార్జున విజయం రచించాడు. పంపడి వంశమూలం వేంగి నాడు, అతణ్ణి పోషించిన చాళుక్య రెండో అరికేసరి రాజధాని నేటి తెలంగాణలోని వేములవాడ. పంపడి తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ ప్రాంతంలోని కుర్క్యాల బొమ్మలగుట్ట మీద సంస్కృత, కన్నడ, తెలుగు భాషల్లో చెక్కించిన శాసనంలోని కంద పద్యాలు తెలుగు ఛందస్సు చరిత్రలో తొలి మైలురాళ్లు. పంపడు తన ఏలికను అర్జునుడితో పోల్చి కావ్యం రాసినా, అతడి మనసంతా కర్ణుడి మీదే ఉందని కావ్యం చదివినవారికెవరికైనా తోస్తుంది. దానికి కారణం స్పష్టమే. కర్ణుడు అసలైన జోళద పాళి వీరుడు. నాగత్తరుడి వారసుడికి చావు తర్వాత దక్కిన రాజ్యం కర్ణుడికి చావుకు ఎన్నో ఏళ్ల ముందే, అంగరాజ్య రూపంలో, ముందస్తు చెల్లింపుగా దక్కింది. కృష్ణుడు జన్మరహస్యం చెప్పి పాండవుల పక్షానికి రమ్మన్నప్పుడు కర్ణుడు కాదనడంలో ఆ చెల్లింపు బరువంతా ఉంది. తాను తిన్న ఉప్పు తప్పుడు చేతుల మీదుగా వచ్చిందని తెలిసి కూడా రుణం తీర్చడానికి నిలబడినవాణ్ణి ఏమనాలో వీరగల్లు భాషలో మాట లేదు. మాట లేనిచోటే విషాద నాయకుడు పుడతాడు.

తెలుగునాట కర్ణుడి చావుకు కారణాలనేకం అన్నది సామెత. పండిత లోకంలో ప్రచారంలో ఉన్న ఒక చాటువు ఆ కారణాలను ఆరుగా లెక్కిస్తుంది. అర్జునుడు, కృష్ణుడు, కుంతి, భూదేవి, ఇంద్రుడు, పరశురాముడు అందులో ఉన్నారు. ఈ జాబితాలో ఒక విశేషం తరచుగా కంటపడకుండా పోతుంది. అందులో విధి లేదు, కర్ణుడూ లేడు. శాపాలను కూడా ఎవరో ఒకరు ఇచ్చినవిగానే చాటువు లెక్కించింది గనుక దైవం పేరెత్తవలసిన అవసరం దానికి రాలేదు. కాని సభలో ద్రౌపదిని అవమానించిన నోరు కర్ణుడిది, అభిమన్యుణ్ణి చుట్టుముట్టి చంపినవారిలో ఒక విల్లు కర్ణుడిది, బ్రాహ్మణుణ్ణని అబద్ధమాడి పరశురాముడి దగ్గర అస్త్రం నేర్చుకున్నదీ కర్ణుడే. జాబితా చెప్పినవాడు కర్ణుడి మీద ప్రేమతో ఏడో పేరును వదిలేశాడు. 1977లో వచ్చిన దానవీరశూర కర్ణ చిత్రంలో ఎన్.టి. రామారావు కర్ణుడిగానూ దుర్యోధనుడిగానూ కృష్ణుడిగానూ తానే నటించడం ఈ విషయంలో కాకతాళీయమైనా చక్కని వ్యాఖ్యానం: రుణం తీర్చేవాడు, రుణమిచ్చినవాడు, చావు రప్పించినవాడు ముగ్గురివీ ఒకే ముఖం.

పంపడి తర్వాతి తరంలో రన్నడు మరో అడుగు ముందుకు వేశాడు. ముధోళలో గాజులమ్మేవారి ఇంట పుట్టి చాళుక్య చక్రవర్తుల కొలువుకెక్కిన రన్నడు తన గదాయుద్ధంలో ఏలిక సత్యాశ్రయుణ్ణి భీముడితో పోల్చాడు; పోల్చినా కావ్యంలో నిలిచిపోయినది దుర్యోధనుడే. కర్ణుడు కూలిపోయాక ఒంటరిగా రణరంగంలో నడుస్తూ, ద్రోణుడి కళేబరం దగ్గరా దుశ్శాసనుడి కళేబరం దగ్గరా కర్ణుడి దగ్గరా ఆగి, శత్రువు కొడుకైన అభిమన్యుడి సాహసానికి కూడా తల వంచే దుర్యోధనుడు అందులో కనిపిస్తాడు. తల్లిదండ్రులూ భీష్ముడూ సంధి చేసుకోమంటారు, అతడు వినడు. ఆ వినకపోవడమే అతడి పతనానికీ గౌరవానికీ ఒకే ఊట.

ఈ దుర్యోధనుడికీ గ్రీకు విషాద నాయకులకూ ఉన్న సామ్యాన్ని గుర్తించి పేరు పెట్టినది ఇరవయ్యో శతాబ్దపు కన్నడ పండితుడు బి.ఎం. శ్రీకంఠయ్య. మైసూరు, బెంగళూరు కళాశాలల్లో ఇంగ్లీషు బోధించిన ఆయన గ్రీకు విషాద నాటకాలను లోతుగా చదివి, రన్నడి దుర్యోధనుణ్ణి వాటిలోని నాయకులతో సమానుడిగా నిలిపి, 1926లో గదాయుద్ధాన్ని నాటకంగా మలచాడు. సోఫోక్లీస్ రాసిన అజాక్స్ నాటకాన్ని అనుసరించి 1929లో అశ్వత్థామన్ రచించాడు. గ్రీకుల చర్చలో అరిస్టాటిల్ వాడిన పారిభాషిక పదం హమార్తియా. చెడ్డవాడు కాని ఒక గొప్ప మనిషి తన అంచనాలో చేసే పెద్ద పొరపాటు అని స్థూలంగా దాని అర్థం. అతడి పతనానికి అది చాలు, దేవతల పగ అదనపు బరువు మాత్రమే. సంస్కృత నాటక సంప్రదాయం నాయకుడి మరణాన్ని రంగం మీద చూపకూడదన్న నియమాన్ని పాటించినందున మన నాటకానికి ఈ మార్గం చాలాకాలం మూసుకుపోయింది. తెలుగులో దాన్ని తెరిచినవారిలో ఆద్యుడు బళ్లారి న్యాయవాది ధర్మవరం రామకృష్ణమాచార్యులు. ఆయన విషాద సారంగధర పేరులోనే తన తిరుగుబాటును ప్రకటించుకుంది. కన్నడ, తెలుగు విషాద నాటకాలు రెండూ కర్ణాటక గడ్డ మీదే రూపు దిద్దుకోవడం యాదృచ్ఛికం కాదు. వీరుడి ఓటమిని రాతి మీద నిలుపుకున్న అలవాటు ఆ ప్రాంతపు మనసులో అంత పాతది.

వీరుడి పాటుకు విధి కారణమా, అతడి చేతలా అన్న ప్రశ్నకు తెలుగు ఐతిహ్యం ఇచ్చిన జవాబులు ఇంకా కటువైనవి. పదమూడో శతాబ్దిలో నెల్లూరు మనుమసిద్ధికీ కాటమరాజు నాయకత్వంలోని యాదవులకూ పశువుల మేత పన్ను అయిన పుల్లరి విషయంలో పోరు వచ్చింది. ఆ పోరులో సేన చెదిరిపోగా ఇంటికి తిరిగివచ్చిన ఖడ్గ తిక్కనకు భార్య మంచం అడ్డం పెట్టి, పసుపు ముద్ద ఉంచి, ఆడవారికి చేసినట్టు స్నానానికి ఏర్పాటు చేసిందనీ, తల్లి విరిగిన పాలు వడ్డించిందనీ, అతడు సిగ్గుపడి తిరిగి వెళ్లి పోరాడి మరణించాడనీ చెబుతారు. తుంబెపాడిలో నాగత్తరుడికి ఎదురైన క్షణమే ఇది; తేడా ఏమిటంటే ఖడ్గ తిక్కన మొదట బతకడాన్ని ఎంచుకున్నాడు. అతణ్ణి రెండోసారి యుద్ధానికి పంపినది రాజాజ్ఞ కాదు, దైవం కాదు, ఇంటి గడప. ఇటువంటి కథల్లో వీరుడి బాధ్యతను నిర్ణయించే అధికారం ఎవరికి దక్కిందో గమనిస్తే వీరధర్మం ఎంత ఖరీదైనదో అర్థమవుతుంది. ఆ ఖడ్గ తిక్కన దాయాది సోదరుడే కర్ణపర్వాన్ని తెలుగులో రచించిన కవి తిక్కన అన్న విషయం ఈ సందర్భంలో మరువరానిది.

పల్నాటి కథ మరో రకం. 1182 ప్రాంతంలో జరిగిందని చెప్పే పల్నాటి యుద్ధంలో కోడిపందెం ఓడి రాజ్యం విడిచిపోవడం, గడువు తీరాక రాజ్యం అడగడానికి వచ్చిన అలరాజుకు విషం పెట్టడం, నాయకురాలు నాగమ్మ పట్టుదల, బ్రహ్మనాయుడి మొండితనం, ఆగమన్నా ఆగని బాలచంద్రుడి తొందర అన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. శ్రీనాథుడి ద్విపదలోనూ వీరవిద్యావంతులనే గాయకుల నోటి కథలోనూ విధి ప్రస్తావన అడుగడుగునా ఉంది, కాని ఆ ప్రస్తావన ఎవరి తప్పునూ మాఫీ చెయ్యదు. నాగులేటి ఒడ్డున కారెంపూడిలో ఏటా కార్తిక అమావాస్యతో మొదలై రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అన్న పేర్లతో ఐదు రోజులు జరిగే వీరుల ఉత్సవం నిర్మాణాన్ని పరిశీలిస్తే ఇది తేటతెల్లమవుతుంది. ఒక్కో రోజు ఒక్కో మానవ నిర్ణయానికి కేటాయించినట్టుంటుంది. రాయబారానికి ఒక రోజు, పందేనికి ఒక రోజు, చావుకు చివరి రోజు.  బేగూరు రాయిలో కల్నాడుతో రాజు తేల్చిన లెక్కను, ఇక్కడ ఏటేటా తేల్చే పని ఊరి జనం మీద పడింది.

ఈ వరుసలో చూసినప్పుడు బేగూరు వీరగల్లు విలువ దాని వీరరసంలో లేదు. ఓటమిని విధి మీదకు నెట్టకుండా, ఎవరు పంపారో, ఎవరు నిలబడ్డారో, ఎవరికి ఏం ముట్టిందో మూడు ముక్కల్లో చెప్పిన నిజాయితీలో ఉంది. సేన ఎందుకు దెబ్బతిన్నదో చెప్పకుండా దాటేసిన లౌక్యంలో కూడా ఉంది. నాగత్తరుణ్ణి తుంబెపాడికి పంపిన నిర్ణయం ఎరెయప్పది. ఆ నిర్ణయం తప్పై ఉంటే దాని ఖరీదు పన్నెండు గ్రామాలు. ఈనాటి సంస్థలు తమ వైఫల్యాలను పరిస్థితుల ప్రభావంగా చెప్పుకునే తీరుతో పోలిస్తే, పంపినవాడి పేరు రాతి మీద మిగిలిన ఆ పద్ధతే మెరుగని ఒప్పుకోవాలి.

రైస్ సంపుటంలో అచ్చయిన బెంగళూరు రాళ్లలో అనేకం ఇప్పుడు ఆయన చూసిన చోట లేవు. చెరువు గట్లు చదును చేసి, పొలాలు లేఅవుట్లుగా మారిన దశాబ్దాల్లో కొన్ని పునాదుల్లో కలిసిపోయాయి, కొన్ని సున్నం పూతల కింద గ్రామదేవతలుగా మారిపోయాయి. మిగిలినవాటికి మిథిక్ సొసైటీ త్రిమితీయ డిజిటల్ ప్రతులు తయారుచేస్తోంది. తుంబెపాడి రాయి కస్తూర్బా రోడ్డులోని ప్రభుత్వ మ్యూజియం సొత్తు, బెంగళూరు యుద్ధపు రాయి బేగూరు నాగేశ్వరాలయంలోనే ఉంది. అగర, ఇబ్లూరు, బేగూరు పరిసరాల్లో పునాదులో పైపులైనో తవ్వేటప్పుడు అక్షరాలో శిల్పమో ఉన్న రాతిపలక బయటపడితే దాన్ని పగలగొట్టకుండా, సిమెంటు పూయకుండా, ఉన్నచోటే ఉంచి రాష్ట్ర పురావస్తు శాఖకు కబురు చెయ్యడం ఆ వీధుల్లో నివసించేవారు చెయ్యదగిన పని.